ఆర్‌సీ రేసింగ్‌లో బ్రేకు: ఎంత, ఎలా, ఏ చక్రానికి

విజయవాడకీ గుంటూరుకీ మధ్య రోడ్లు వేసి, హద్దురాళ్లు పాతి, ఇళ్లు మాత్రం కట్టకుండా వదిలేసిన వెంచర్లకు కొదవ లేదు. ప్లాటు కొన్నవాళ్లకు అదో దిగులు. రిమోట్ (ఆర్‌సీ) కార్లు పరిగెత్తించేవాళ్లకు మాత్రం అంతకన్నా మంచి చోటు దొరకదు. 40 అడుగుల సిమెంటు రోడ్డు, ట్రాఫిక్ లేదు, నాలుగు కోన్లు పెడితే ట్రాక్ సిద్ధం. అలాంటి చోట ఆదివారం పొద్దున కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: “అన్నా, బ్రేక్ కొడితే బండి గిర్రున తిరిగిపోతోంది.” పక్కనుంచి వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే: “బ్రేక్ తగ్గించు రా.”

తగ్గిస్తారు. బండి తిరగడం మానేస్తుంది, దాంతోపాటు ఆగడమూ మానేస్తుంది. తర్వాతి మలుపులో కోనుని గుద్దుతుంది. మళ్లీ పెంచుతారు, మళ్లీ తిరుగుతుంది. బ్యాటరీలు అయిపోయేదాకా ఇదే తంతు.

చిక్కెక్కడుందంటే, మనం బ్రేకుని ఒకే ఒక సెట్టింగు అనుకుంటాం. అందులో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. మొత్తం మీద బ్రేకు ఎంత పడాలి? చేతిలోని ట్రాన్స్‌మిటర్ (రేడియో) ట్రిగ్గర్ ముందుకు తొయ్యగానే అది ఎలా మొదలవ్వాలి? పడిన బ్రేకులో ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత? బండి తిరిగిపోవడం చాలాసార్లు మూడో ప్రశ్న తాలూకు రోగం. ‘తగ్గించు’ అన్నది మొదటి ప్రశ్నకి మందు. రోగం ఒకటి, మందు ఇంకొకటి అయినప్పుడు నయం కాకపోవడంలో వింతేముంది?

టైరు ఇచ్చినంతే

బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపాల్సింది టైరుకీ నేలకీ మధ్య ఉన్న పట్టు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు. శుభ్రంగా ఊడ్చిన సిమెంటు మీద, మెత్తటి రబ్బరు టైర్లతో ఘర్షణ గుణకం 1 ఉందనుకుందాం. ఆ వేగం నుంచి పూర్తిగా ఆగడానికి సుమారు 5 మీటర్లు చాలు. అదే రోడ్డు మీద పక్క ప్లాట్లలోని మట్టి పరుచుకుని గుణకం 0.5కి పడిపోతే 10 మీటర్లు కావాలి. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో అయితే ఈ దూరాలు 20, 40 మీటర్లు. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాలేదు, మోటారు పేరూ రాలేదు. ఈఎస్‌సీలో (మోటారు వేగాన్నీ బ్రేకునీ నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలో) బ్రేకు 60 శాతం ఉన్నా 100 ఉన్నా, చక్రం లాక్ అయిన, అంటే తిరగడం మానేసి బిగుసుకుపోయిన క్షణం నుంచి ఆ అంకెకి విలువ లేదు. పైగా జారుతున్న టైరు పట్టు, లాక్ అయ్యే అంచున దొర్లుతున్న టైరు పట్టు కన్నా తక్కువ.

లాక్ అయిన చక్రానికి ఇంకో గుణం ఉంది: దానికి పక్కలనేవి తెలియవు. ఎటు జారమంటే అటు జారుతుంది. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. వెనకవి లాక్ అయితే వెనకభాగం ముందుభాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. ఆ దాటిపోవడాన్నే మనం ‘గిర్రున తిరగడం’ అంటున్నాం. ముందు చక్రాలు లాక్ అయితే మలుపు తప్పుతుంది, వెనకవి లాక్ అయితే బండే తప్పిపోతుంది. కాబట్టి తప్పు జరగక తప్పదనుకుంటే ముందువైపు జరగడమే మేలు.

బరువు ఎటు పోతోంది

బందరు రోడ్డు మీద సిటీ బస్సు డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్లందరూ ముందుకి తూలినట్టే, బండి బరువూ ముందు చక్రాల మీదకి తూలుతుంది. ఎంత తూలుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. వేగం తగ్గే రేటుని (గురుత్వ త్వరణంలో ఎన్నో వంతో ఆ అంకెని) బండి బరువుతో, గరిమనాభి ఎత్తుతో గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి.

1/8 స్కేలు నైట్రో బగ్గీకి (నైట్రో ఇంధనంతో ఇంజను నడిచే, మట్టిలో పరిగెత్తే బండికి) ఆర్‌సీ రేసింగ్ అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్మార్ పెట్టిన కనీస బరువు 3,200 గ్రాములు. ఇరుసుల మధ్య దూరం 325 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 65 మిల్లీమీటర్లు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు వెనక 1,760 గ్రాములు, ముందు 1,440 ఉన్నాయనుకుందాం. మట్టి రోడ్డు మీద టైరు ఇవ్వగలిగినంత బ్రేకు, అంటే 0.5 గుణకానికి సరిపడా కొడితే, మొత్తం బరువులో పదో వంతు, 320 గ్రాములు ముందుకి పోతాయి. ముందు 1,760, వెనక 1,440. అంకెలు అటూ ఇటూ మారిపోయాయి. శుభ్రమైన సిమెంటు మీద గుణకం 1తో కొడితే 640 గ్రాములు పోతాయి. అప్పుడు ముందు 2,080, వెనక 1,120 మిగులుతాయి.

స్థూలంగా, ఏ చక్రం మీద ఎంత బరువుందో అంత బ్రేకే దానికి వెళ్లాలి. అలాగైతే మట్టి మీద ఇదే బండికి కావలసిన పంపకం ముందు 55, వెనక 45. పట్టున్న సిమెంటు మీద ముందు 65, వెనక 35. బండి అదే, డ్రైవరు అతనే, నేల మారేసరికి పంపకమూ మారిపోయింది. మట్టికి కుదిర్చిన బండిని పట్టున్న చోటికి తీసుకెళ్తే వెనక చక్రాలకి మోతాదు మించిన బ్రేకు పడుతుంది, తిరుగుతుంది. సిమెంటుకి కుదిర్చినదాన్ని మట్టిలోకి తెస్తే ముందు చక్రాలు ముందుగా లాక్ అయి మలుపు దాటి తిన్నగా పోతుంది. కొత్త చోట మొదటి బ్యాటరీ పెట్టేటప్పుడు బ్రేకుని ముందు చక్రాలవైపు ఎక్కువ ఉంచి మొదలుపెట్టమనేది అందుకే.

ఈ పంపకం మన చేతిలో ఎంతుంది అన్నది బండి రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని బండ్లలో అసలు లేదు.

రెండు చక్రాల డ్రైవ్ ఉన్న 1/10 బగ్గీలో మోటారు వెనక చక్రాలకే తగులుకుని ఉంటుంది గనుక బ్రేకూ అక్కడే. బరువంతా ముందుకి పోతున్న సమయంలో, తేలికపడుతున్న వెనక చక్రాలతో ఆగమంటున్నాం. నిలబడి ఉన్నప్పుడు బరువులో 62 శాతం వెనక ఉన్న బండికి మట్టి మీద లెక్క కడితే, నాలుగు చక్రాల బండికన్నా ఒకటిముప్పావు రెట్లు దూరం పడుతుంది. కాబట్టి రెండు చక్రాల బగ్గీని నాలుగు చక్రాలదానితో సమానంగా లోపలిదాకా తీసుకెళ్లి ఆపుదామనుకోవడం దురాశ. దానికి బ్రేకు పెంచడం మందు కాదు, ముందుగా కొట్టడమే మందు.

టూరింగ్ కార్లలో (చదును రోడ్డు మీద నడిపే నాలుగు చక్రాల డ్రైవ్ కార్లలో) ముందువైపు స్పూల్, అంటే రెండు ముందు చక్రాలనీ ఒకటిగా బిగించే ఇరుసు ఉంటే నాలుగు చక్రాలూ కలిసి ఆగుతాయి. బ్రేకులో నిలకడ ఎక్కువ. అదే వన్‌వే (ఒకవైపే పట్టే బేరింగు) పెడితే గ్యాస్ లేనప్పుడు ముందు చక్రాలు మోటారు తిప్పే బెల్టుతో సంబంధం లేకుండా దొర్లుతాయి. గ్యాస్ వదిలితే బండి మలుపులోకి అందంగా దూరుతుంది, బ్రేకు గట్టిగా కొడితే మాత్రం అంతా వెనక చక్రాల మీదే పడుతుంది. వన్‌వే పెట్టుకుని బ్రేకు పనిచెయ్యట్లేదని మోటారుని తిట్టేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

నైట్రో బగ్గీల్లో ఈ పని చాలా శుభ్రంగా ఉంటుంది. సెంటర్ డిఫ్‌కి (బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే మధ్య గేరు పెట్టెకి) ముందొక డిస్కు, వెనకొక డిస్కు. ఒకే సర్వో (రేడియో చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు) ఒకవైపు తిరిగితే కార్బురేటర్ తెరుచుకుంటుంది, రెండోవైపు తిరిగితే రెండు డిస్కులూ బిగుసుకుంటాయి. ఒక్కో లింకేజీ చివర ఉన్న మర ఒక చుట్టు తిప్పితే ముందుకి ఎక్కువ, వెనక్కి తక్కువ. డిస్కుకీ ప్యాడ్‌కీ మధ్య పలచటి కాగితం దూరేంత సందు ఉంచాలి. అసలు లేకపోతే గ్యాస్ కొడుతున్నా బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది. సర్వో చివరిదాకా వెళ్లి ‘గుయ్’మంటుంటే ఎండ్ పాయింట్ (రేడియోలో పెట్టే కదలిక హద్దు) తగ్గించాలి, లేదంటే రిసీవర్ బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతుంది. ఎగ్జాస్ట్ నూనె డిస్కుల మీద పడితే బ్రేకు మాయమైపోతుంది. దానికి సెట్టింగులు కెలకకుండా, ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల కొట్లో అడిగినా ఇచ్చే బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, మెరుపెక్కిన ప్యాడ్లని సాండ్‌పేపర్‌తో రెండు రుద్దులు రుద్దితే చాలు.

మన దగ్గర నైట్రో ఇంధనం తెప్పించుకోవడం తలనొప్పి కాబట్టి ఎక్కువగా కనిపించేవి 1/8 ఎలక్ట్రిక్ బగ్గీలు. వాటిలోనే అసలు తిరకాసు. డిస్కులు లేవు, మర లేదు. మోటారు ఆగుతుంది, ఆ ఆగడం సెంటర్ డిఫ్ గుండా ముందుకీ వెనక్కీ సమానంగా వెళ్తుంది. సమానం అంటే న్యాయంగా వినిపిస్తుంది గానీ, తేలికపడ్డ వెనక చక్రాలకి ఆ సగమే ఎక్కువ. అవి ముందుగా లాక్ అవుతాయి. డిఫ్ పలచగా ఉంటే వెనకవి ఆగిపోయినా ముందువి వాటి మానాన అవి తిరుగుతూనే ఉంటాయి. డిఫ్‌లో సిలికాన్ ఆయిల్ చిక్కబడేకొద్దీ ముందూ వెనకా కలిసి తిరగాల్సి వస్తుంది, వెనకవి ఒంటరిగా లాక్ అవ్వడం తగ్గుతుంది. అంటే ఎలక్ట్రిక్ బగ్గీలో బ్రేకు పంపకం మార్చే మర పేరు సెంటర్ డిఫ్ ఆయిల్. ఆయిల్ చిక్కదనం అంకె 5,000 నుంచి 10,000కి వెళ్తే తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

నేల మీద రాసి ఉంటుంది

ఏ చక్రం లాక్ అవుతోందో డ్రైవర్ నిలబడే చోటు నుంచి కంటికి దొరకదు. రోడ్డు మీద మాత్రం రాసి ఉంటుంది. ఒక ఇంజినీరింగ్ కుర్రాడి బండి మొదట్లో చెప్పిన రోగంతోనే తిరిగిపోతుంటే, బండిని పక్కన పెట్టి బ్రేకు కొట్టిన చోటికి నడిచాం. సిమెంటు రోడ్డుకి చీపురుతో గీసినట్టు అడ్డగీతలుంటాయి కదా, వాటి మధ్య సన్నటి ఎర్రమట్టి పేరుకుని ఉంది. దాని మీద రెండు రకాల జాడలు. ఒకటి, టైరు పిన్నులు ఒక్కొక్కటీ విడివిడిగా అచ్చు పడిన వరస. రెండోది, అచ్చులేమీ లేకుండా చేత్తో తుడిచేసినట్టున్న నున్నటి చార, చివరికొచ్చేసరికి పక్కకి వంకర తిరిగింది.

“ఇందులో ముందు చక్రాలేవి?” అన్నాను.

“అచ్చులున్నవన్నా. అవి దొర్లుతున్నాయి, వెనకవే జారుతున్నాయి.”

“మరి బ్రేక్ మొత్తం తగ్గిస్తే ముందువాటి బ్రేక్ కూడా పోతుంది కదా తమ్ముడూ. అవి ఇంకా చెయ్యాల్సినంత పని చెయ్యనేలేదు.”

అతని ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ (ట్రిగ్గర్ వదిలేసినా పడే బ్రేకు) 20 శాతం ఉంది. ఎవరో పెట్టమన్నారట. ముందు దాన్ని సున్నా చేశాం, ఇంకేమీ ముట్టుకోలేదు. మళ్లీ అదే చోట కొట్టించి చూస్తే నున్నటి చార సగానికి సగం తగ్గింది. మిగతా సగం డిఫ్ ఆయిల్ పని, అది ఇంటికెళ్లి విప్పాల్సిందే. రెండూ ఒకేసారి మార్చి ఉంటే దేనివల్ల ఎంత తగ్గిందో తెలిసేది కాదు.

ఎంత, ఎలా

పంపకం కుదిరాక మొత్తం మోతాదు సంగతి తేలిక. కాకపోతే ఒకే మోతాదుని మూడు చోట్ల నుంచి మార్చవచ్చు, అవి ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి: ఈఎస్‌సీలోని గరిష్ఠ బ్రేకు, ట్రాన్స్‌మిటర్‌లోని బ్రేకు ఎండ్ పాయింట్, గేరింగ్. ఈఎస్‌సీలో 80, రేడియోలో 80 పెడితే చేతికి వచ్చేది 64 దరిదాపుల్లో. రేడియోని 100లో వదిలేసి, ట్రాక్‌లో పట్టు ఎక్కువున్న చోట ట్రిగ్గర్ పూర్తిగా తోస్తే చక్రాలు లాక్ అవ్వడానికి కాస్త ముందు ఆగేలా ఈఎస్‌సీలో కుదుర్చుకోవాలి. ఆ రోజుకి కావలసిన చిన్నచిన్న సర్దుబాట్లు మాత్రం రేడియోలో చేసుకోవాలి. పూర్తిగా తోసినా లాక్ అవ్వని బండిని భయం లేకుండా తొయ్యొచ్చు. ఆ ధైర్యమే ల్యాప్ టైము.

గేరింగ్‌ని చాలామంది బ్రేకుతో ముడిపెట్టి చూడరు. మోటారు బ్రేకు అంటే మోటారు తీగచుట్టల్ని ఈఎస్‌సీ కలిపేయడం. అప్పుడు మోటారు జనరేటర్ అవుతుంది, ఆ కరెంటే దాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఎంత వేగంగా తిరుగుతుంటే అంత బలం. పినియన్ (మోటారు మీది చిన్న పళ్లచక్రం) 20 పళ్ల నుంచి 22కి మారిస్తే అదే వేగంలో మోటారు తక్కువ తిరుగుతుంది, చక్రం దాకా చేరే బలమూ తగ్గుతుంది. రెండు దెబ్బలూ కలిసి బ్రేకు ఇంచుమించు ఆరో వంతు పడిపోతుంది. టాప్ స్పీడు పెరిగిన రోజే బ్రేకు తగ్గుతుందన్నమాట. పినియన్ మారిస్తే బ్రేకు మళ్లీ చూసుకోవాలి.

ఈ మోటారు బ్రేకుకి డిస్కు బ్రేకుకి లేని స్వభావం ఒకటుంది. వేగం తగ్గేకొద్దీ దాని బలమూ తగ్గుతుంది. తిన్నటి రోడ్డు చివర గట్టిగా పట్టుకుని, మలుపు దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతుంది. నైట్రో నుంచి ఎలక్ట్రిక్‌కి వచ్చినవాళ్లు ‘చివర్లో జారిపోతోంది’ అనేది దీన్నే. చివర్లో బలం కోసం మొత్తం బ్రేకు పెంచితే మొదట్లో లాక్ అవుతుంది. వేలిని సర్దుకోవడమే దీనికి దారి.

మొదలయ్యే తీరుకి ఈఎస్‌సీలో ఇనీషియల్ బ్రేక్ (తొయ్యగానే పడే మొదటి మోతాదు), రేడియోలో ఎక్స్‌పో (ట్రిగ్గర్ మొదటి కదలికని మెత్తగానో కరుకుగానో చేసే సెట్టింగు) ఉన్నాయి. మట్టిలో మెత్తగా మొదలవ్వాలి, పట్టున్న చోట కాస్త కరుకుగా మొదలైనా పర్వాలేదు. డ్రాగ్ బ్రేక్ అంటే ట్రిగ్గర్ మధ్యలో వదిలేసినా పడే బ్రేకు. కార్పెట్ మీద నడిపే రెండు చక్రాల బగ్గీకి అది నేస్తం. మన మట్టిలో నాలుగు చక్రాల బండికి సున్నా నుంచి మొదలుపెట్టండి. ట్రాన్స్‌మిటర్లలో ఉండే ఏబీఎస్, బ్రేకుని గబగబా వేసి తీసే ఏర్పాటు మాత్రమే. కారులో ఉండే ఏబీఎస్‌లా అది చక్రాల వేగాన్ని చూడదు. జారే నేల మీద కొంత ఆదుకుంటుంది, అంతే.

వేలు చెయ్యాల్సిన పని

పట్టు ఒకటే ఖజానా. ఆపడానికి వాడినంత తిప్పడానికి మిగలదు. కాబట్టి నేర్చుకునేవాళ్లు బ్రేకంతా తిన్నటి రోడ్డులోనే ముగించి, వేలు తీశాకే స్టీరింగ్ తిప్పాలి. అలవాటయ్యాక, స్టీరింగ్ తిప్పుతున్న కొద్దీ బ్రేకుని వదులుతూ పోవచ్చు. ముందు చక్రాల మీద బరువు నిలిచి ఉండటంతో బండి మలుపులోకి చక్కగా వంగుతుంది. ఇక్కడ చాలామంది ఉల్టా చేస్తారు. మెల్లగా మొదలుపెట్టి, మలుపు దగ్గరపడ్డాక కంగారుగా గట్టిగా తోస్తారు. సరిగ్గా తిప్పడానికి పట్టు కావలసిన క్షణంలో దాన్ని ఖర్చుచేస్తారు. మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ, ఇదీ వరస. ఎలక్ట్రిక్ బ్రేకు వేగంతో పాటు దానంతటదే మెత్తబడే స్వభావం ఇక్కడ మనకి కలిసొస్తుంది.

సీట్లో కూర్చుని నడిపే డ్రైవరుకి బరువు మారడం ఒంటికి తెలుస్తుంది. మనకి ఆ సౌకర్యం లేదు. దూరంగా నిలబడి కళ్లతోనే చూడాలి. పైగా మనవైపు వస్తున్న బండి వేగం కంటికి ఆనదు. 0.2 సెకను ఆలస్యమైతే గంటకు 72 కిలోమీటర్లలో 4 మీటర్లు పోయినట్టే. అందుకని నేల మీద గుర్తు పెట్టుకోవాలి. వెంచర్లో హద్దురాయిని మించిన గుర్తు లేదు: కదలదు, తెల్లగా ఉంటుంది, వరసగా ఉంటుంది. ఒక రాయి దగ్గర కొట్టి కుదిరితే ఈసారి తర్వాతి రాయి దాకా కొట్టకుండా వెళ్లి చూడొచ్చు.

గాల్లో బ్రేకు ఇంకో పని చేస్తుంది. బగ్గీ జంప్ చేసినప్పుడు ముక్కు పైకి లేస్తుంటే ఒక్కసారి బ్రేకు తట్టండి, ముక్కు కిందికి దిగుతుంది. గ్యాస్ తడితే పైకి లేస్తుంది. తిరుగుతున్న చక్రాలు ఆగేటప్పుడు ఆ తిప్పుడంతా బండి ఒంటికి బదిలీ అవుతుంది గనుక ఇలా జరుగుతుంది. తట్టాక నేల తాకేలోపు వదిలెయ్యాలి. బిగుసుకున్న చక్రాలతో దిగితే బండి మొగ్గలేస్తుంది. డ్రాగ్ బ్రేక్ ఎక్కువ పెట్టుకున్న బండి గ్యాస్ వదలగానే గాల్లో ముక్కు దించేసేదీ ఇందువల్లే.

షాకులు, స్ప్రింగుల సంగతి రెండు ముక్కల్లో: బ్రేకులో వెనకభాగం మరీ లేచిపోతుంటే వెనక డ్రూప్ (చక్రం కిందికి వేలాడే హద్దు) తగ్గించండి, ముక్కు మరీ కుంగుతుంటే ముందు స్ప్రింగ్ ఒక మెట్టు గట్టిది వెయ్యండి. పైవన్నీ కుదిరాకే ఇవి.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన ఊళ్లో పొద్దున ఏడింటికి చక్కగా ఆగిన బండి పదకొండింటికి వెనక తిప్పడం మొదలుపెడితే చెయ్యి పాడైందని అనుకోకండి. డిఫ్ ఆయిల్ వేడెక్కి పలచబడింది.  పలచబడితే వెనక చక్రాలు మళ్లీ ఒంటరిగా లాక్ అవుతాయి. రేడియోలో బ్రేకు నాలుగైదు అంకెలు తగ్గించి ఆ పూట గడిపేయొచ్చు. మొత్తం తగ్గించడం సరైన మందయ్యే సందర్భం ఇదొకటి, డిఫ్ విప్పే వీలు లేనప్పుడు. వేసవంతా అక్కడే నడిపేవాళ్లు మాత్రం ఒక మెట్టు చిక్కటి ఆయిల్ పోసుకోవడం మంచిది.

ఇదంతా రేడియో సిగ్నల్ ఉన్నంతవరకే. సిగ్నల్ పోతే బండి ఏం చెయ్యాలో ముందే చెప్పిపెట్టే ఏర్పాటు ఫెయిల్‌సేఫ్. దాన్ని నైట్రోలో బ్రేకు పడేలా, ఎలక్ట్రిక్‌లో కనీసం గ్యాస్ ఆగిపోయేలా పెట్టాలి. మూడు కిలోల పైచిలుకు బండి, వెంచర్లో క్రికెట్ ఆడుకునే పిల్లలు, పొద్దున్నే నడకకొచ్చే పెద్దవాళ్లు ఉంటారు. బండిని స్టాండు మీద చక్రాలు గాల్లో ఉండేలా పెట్టి, కొంచెం గ్యాస్ ఇస్తూ ట్రాన్స్‌మిటర్ ఆపెయ్యండి. చక్రాలు ఆగకపోతే ఆ రోజు దాన్ని కిందికి దించకండి.